ముందు ఏది, తర్వాత ఏది
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ల శిక్షకుడు చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడిలో చదివి డాక్టర్లయినవాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు. వాళ్లుండగా నన్ను మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాను. చాలా ఏళ్లు 108 బండిలో వెనక కూర్చున్నాను, ఇప్పుడు ఆ పనికి వచ్చే కుర్రాళ్లకూ అమ్మాయిలకూ నేర్పుతున్నాను. ఊళ్లో ఇప్పటికీ నన్ను అంబులెన్సు డ్రైవరనే అంటారు. డ్రైవరు వేరు, ఆయన్ని మేం పైలట్ అంటాం. రోగి పక్కన కూర్చునే మనిషి ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, పొట్టిగా ఈఎంటీ.

108 మొదలైంది 2005 ఆగస్టు 15న, హైదరాబాద్‌లో. అంతకుముందు ప్రమాదం జరిగితే, దొరికిన ఆటోలోనో ట్రాక్టరులోనో మనిషిని వేసుకుని పరుగెత్తడమే. బండి వచ్చింది సరే, అందులో కూర్చునే మనిషికి ఏం తెలిసి ఉండాలన్నదే ఇవాళ నా మాట.

కొత్తగా చేరిన పిల్లలు మొదటిరోజే ఇంజెక్షన్ల పేర్లు చెప్పమంటారు. నేను చెప్పను. ముందు వరస నేర్పుతాను. ముందు ఏది చూడాలి, తర్వాత ఏది చూడాలి. అన్నిటికన్నా ముందు చూడాల్సింది రోగిని కాదు, చోటుని. పాత బావిలో దిగిన మనిషి పడిపోతాడు. తీయడానికి తమ్ముడు దిగుతాడు, వాడికోసం పక్కింటివాడు దిగుతాడు. పొద్దుగూకేసరికి మూడు ఇళ్లలో ఏడుపు. బొగ్గుపులుసు వాయువు గాలికన్నా బరువని, అడుగున చేరుతుందని మన సైన్సు మాస్టారు చెప్పారు. దీపం దించి చూడటం పెద్దవాళ్లకు తెలుసు. కానీ డీజిల్ ఇంజను పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ని దీపం పట్టించదు. అందుకే మావాళ్లకు ఒకటే మాట చెబుతాను: ఫైరువాళ్లు వచ్చేదాకా దిగొద్దు. చేతులు కట్టుకుని గట్టు మీద నిలబడటం నేర్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

తర్వాత ఊపిరి. రక్తం చిమ్ముతుంటే మాత్రం దాన్ని గట్టిగా అదిమిపట్టడం అంతకన్నా ముందు. స్పృహ లేని మనిషి వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. గుర్రుమని శబ్దం వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు "గురక పెడుతున్నాడు, పడుకోనివ్వండి" అంటారు. అది నిద్ర కాదు. నుదుటి మీద చెయ్యిపెట్టి తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తితే దారి తెరుచుకుంటుంది. మెడకు దెబ్బ తగిలిందనుకుంటే తల వంచకుండా దవడను మాత్రమే ముందుకు నెట్టాలి. ఊపిరి బాగానే ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయితే మనవాళ్లు ముందు చేసే పనేమిటి? నోట్లో నీళ్లు పోస్తారు. ఫిట్స్ అయితే చేతిలో తాళాలగుత్తి పెడతారు. ఆ గుత్తివల్ల నష్టమేమీ లేదు, నీళ్లతోనే ప్రమాదం. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలే గాలిలో సుమారు 16 శాతం. పరీక్షకోసం బట్టీపట్టాం. నోటితో ఊపిరి ఊదితే అవతలి మనిషి ఎలా బతుకుతాడన్నదానికి జవాబు ఆ 16లోనే ఉంది.

మా పిల్లలు తడబడేది వైద్యంలో కాదు, లెక్కల్లో. నిండిన బీ టైపు సిలిండరులో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు పెడితే 150 నిమిషాలు. గేజి సగంలో ఉంటే 75 నిమిషాలే. ఆ సిలిండరొక్కటే పెట్టుకుని పాడేరు నుంచి విశాఖ కేజీహెచ్‌కి బయల్దేరవచ్చా అని అడుగుతాను. ఘాట్ రోడ్డు దిగి వెళ్లేసరికి రెండు గంటలకు పైమాటే. ఏడో తరగతి లెక్క. జవాబు తప్పితే రోగి దారిలోనే ఉక్కిరిబిక్కిరవుతాడు.

పురుగులమందు కేసులో కంటిపాప చుక్కంత అయిపోతుంది, నోట చొంగ, ఒళ్లంతా చెమట. చేతులకు గ్లోవ్స్ వేసుకుని బట్టలు విప్పించి ఒళ్లు కడగాలి, డబ్బా వెంట తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించకూడదు. పాము కరిస్తే తాడు బిగించొద్దు, గాటు పెట్టొద్దు, కాటుపడిన కాలో చెయ్యో కదలనివ్వొద్దు. కట్లపాము కరిచినట్టు కూడా తెలియదు. తెల్లారి కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతుంటాయి. ఆ రెప్పల్ని గమనించడమే చదువు.

చివరి పని ఆసుపత్రి గుమ్మంలో. ఏం జరిగింది, ఎన్నింటికి, రోజూ వాడే మందులేవి, పడనివేవి, చివరగా ఎప్పుడు తిన్నాడు, మేం ఏం చేశాం. అర నిమిషంలో డాక్టరుగారికి చెప్పాలి. తెలుగు మాస్టారు మూడోవంతుకు కుదించి రాయమనేవారు కదా, అదే ఇది.

ఇంత నేర్పినా ఒకచోట మేం ఓడిపోతాం. గుండె ఆగితే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఏ బండీ అంతలో మన ఊరికి రాలేదు. ఆ నిమిషాలు పక్కనున్నవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. రొమ్ము మధ్య ఎముక మీద రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకయితే 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఊపిరి ఊదడం రాకపోతే నొక్కడం ఒక్కటైనా బండి వచ్చేదాకా ఆపకూడదు. తొమ్మిదో తరగతి పిల్లలు దీన్ని చక్కగా నేర్చుకోగలరు. కేసులవుతాయన్న భయం అక్కర్లేదు. రోడ్డు ప్రమాదాల్లో సాయపడినవాళ్లకు 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇచ్చింది.

స్వర్ణోత్సవ గుర్తుగా బడికి ముఖద్వారం కట్టాలని కమిటీవారు అనుకుంటున్నట్టు విన్నాను. కట్టండి, నా వంతు చందా ఇస్తాను. అందులోంచే కొంత తీసి, ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మలు రెండు కొనమని అడుగుతున్నాను. ఏటా తొమ్మిదో తరగతికి నేనే వచ్చి నేర్పుతాను. ప్రధానోపాధ్యాయులవారూ, జూన్‌లో బడి తెరిచాక మీకు వీలైన శనివారం ఏదో చెప్పండి. మధ్యాహ్నం రెండు పీరియడ్లు చాలు.