వెనక బండి కనిపిస్తోందా?

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



కారులో షికారు అనగానే మనలో చాలామంది కళ్ళకు కట్టేది కొండలూ లోయలూ కాదు. ముందురోజు రాత్రి పదకొండింటిదాకా పులిహోర కలపడం, పిల్లల బట్టలు సర్దడం, మంచినీళ్ళ సీసాలు కడగడం. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి, అందరికంటే చివర కారెక్కి, "ఇంకా ఎంతసేపు?" అని మాట పడడం. అవునా, కాదా? ఆ చివర కారెక్కే మనిషి గురించీ, ఆ చివర వచ్చే కారు గురించీ నాలుగు మాటలు చెప్పాలని ఈవేళ మీ ముందుకు వచ్చాను.

మా విశాఖపట్నంలో సొంత కార్లున్న కొందరు కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. మావారు అందులో సభ్యులు. రెండు మూడు నెలలకోసారి అందరూ సకుటుంబంగా, కార్లన్నీ వరసకట్టి, ఏదో ఒక ఊరు చూసి రావడం వారి కార్యక్రమం. కిందటి డిసెంబరు మొదట్లో ఎనిమిది కార్లలో అరకులోయకు బయలుదేరాము.

విశాఖనుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా ఏ ఇబ్బందీ లేదు. మావైపు ఎస్.కోట అంటాము లెండి. అది దాటాక కొండదారి మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి... మలుపు మీద మలుపు. ఒకపక్క కొండ, ఇంకోపక్క లోయ. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. దారిలో గాలికొండ దగ్గర అంతకంటే పైకెక్కి మళ్ళీ దిగాలి. ఆ రోజుల్లో చూడాలమ్మా ఆ అందం! పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియపు తీగలు, ఆ నీడన ఎర్రటి పండ్లతో కాఫీ మొక్కలు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ ఈ నీడన పండేదే. పైకి వెళ్ళాక పొలాల్లో వలిసెపూలు పసుపు ఆరబోసినట్టుంటాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఎస్.కోటలో ఫలహారానికి ఆగాము. మాతో వచ్చినవారిలో రిటైరైన ఒక మాస్టారు, ఆయన భార్య ఉన్నారు. ఆవిడను నేను పిన్నిగారూ అని పిలుస్తాను. వారిది పాతకారు, మాస్టారిది నెమ్మది చెయ్యి. అందుకని వారిని చివర పెట్టారు. మాది ఏడోది. అందరం ఇడ్లీలు తింటూంటే పిన్నిగారు మాత్రం, "ఘాటురోడ్డులో నాకు వాంతులవుతాయమ్మాయ్, అనంతగిరిలో తింటాలే" అన్నారు. పొద్దున్నే షుగరు మాత్ర మాత్రం అలవాటుగా వేసుకునే వచ్చారట. మేము వండి తెచ్చిన క్యారేజీలన్నీ, డిక్కీ పెద్దదని, మొట్టమొదటి కారులో పెట్టేశారు. చూశారా, తిండి ముందు కారులో, ఆకలి వెనక కారులో!

కొండదారి ఎక్కేసరికి ముందు కార్ల కుర్రాళ్ళకు హుషారొచ్చింది. నువ్వా నేనా అన్నట్టు వెళ్ళిపోయారు. డముకు దగ్గరికి వస్తూండగా మంచు కమ్ముకుంది. నేను పక్క అద్దంలో చూస్తూ, "మాస్టారి కారు కనిపించడం లేదండీ" అన్నాను.

"వస్తారులే, నెమ్మది మనిషి" అన్నారు మావారు.

ఇంకో అయిదు మలుపులు తిరిగాము. అద్దంలో తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. "ఆపండి" అన్నాను. వెడల్పుగా ఉన్నచోట ఆపి పది నిమిషాలు చూశాము. సెల్‌ఫోను తీస్తే సిగ్నలు లేదు. ముందువాళ్ళకు చెబుదామన్నా, వెనకవాళ్ళను అడుగుదామన్నా దారి లేదు. ఇక లాభం లేదని కారు వెనక్కి తిప్పి, దీపాలు వేసుకుని మెల్లగా దిగాము.

మూడు కిలోమీటర్లు దిగాక కనిపించారు. బానెట్ ఎత్తి ఉంది, పొగలాగా ఆవిరి వస్తోంది. మాస్టారు చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత తియ్యబోతున్నారు. మావారు, "ముట్టుకోకండి మాస్టారూ!" అని ఒక్క కేక పెట్టారు. కాగిన ఇంజను మూత తీస్తే సలసలకాగే నీళ్ళు మొహంమీదికి చిమ్ముతాయి. మన ప్రెషర్ కుక్కరు చల్లారకుండా మూత తియ్యం కదా, ఇదీ అంతే.

నేను పిన్నిగారి దగ్గరికి పరుగెత్తాను. అంత చలిలో ఆవిడకు నుదుటిమీద చెమటలు. చేతులు వణుకుతున్నాయి. పలకరిస్తే మాట తడబడుతోంది. మాస్టారేమో కారు తిరిగి వాంతి వచ్చేలా ఉందేమో అనుకుంటున్నారు. మా అత్తగారికి షుగరు ఉండేది కనుక నాకు చూడగానే అర్థమైంది. మాత్ర వేసుకుని తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. అప్పుడు తీపి ఇవ్వాలి, ఆలస్యం చెయ్యకూడదు. మావారు కాఫీలో పంచదార వేసుకోరని ఫ్లాస్కులో చప్పటి కాఫీ పోసి, పంచదార విడిగా పొట్లం కట్టి తెచ్చాను. ఆ పొట్లం విప్పి గ్లాసు నీళ్ళలో కలిపి గుటక గుటకగా తాగించాను. తెలివిలో ఉండి మింగగలుగుతున్నారు కనుక తాగించాను. తెలివి తప్పినవారికి నోట్లో ఏమీ పొయ్యకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇది గుర్తుంచుకోండి. పావుగంటలో ఆవిడ తేరుకుని, "భయపెట్టానా అమ్మాయ్?" అన్నారు. అప్పుడు రెండు బిస్కెట్లు తినిపించాను.

కారులో తెగింది ఫ్యాన్ బెల్టు. అది మార్చేదాకా కారు కదలదు. మాస్టారిని ఒక్కరినీ ఆ మలుపులో వదలడానికి లేదు, పిన్నిగారిని కడుపునిండా తిండి దొరికే చోటికి చేర్చకుండా ఉండడానికీ లేదు. మావారు నావంక చూశారు. "నువ్వు తీసుకెళ్ళు" అన్నారు.

నేను పదో తరగతితో చదువాపినదాన్ని. ముప్పై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. కాని రైతుబజారుకూ, పిల్లల ట్యూషనుకూ తప్ప ఎక్కడికీ నడపలేదు. కొండమీదా? మంచులోనా? కాళ్ళు వణికాయి. అయినా కూర్చున్నాను. పిన్నిగారు పక్కన, మా అమ్మాయి వెనక. ఏసీ ఆపేశాను. రెండో గేరు దాటలేదు. మంచులో పెద్ద లైటు వేస్తే వెలుగు మన కళ్ళలోకే తిరిగి కొడుతుంది, అందుకని చిన్న లైటే వేశాను. ప్రతి మలుపులోనూ హారన్ కొట్టాను. ఒకచోట ఎదురుగా బస్సు దిగుతోంది. కొండదారిలో ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలన్నది నియమం. ఆ డ్రైవరు బస్సు పక్కకు ఆపి, నన్ను చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపడం నాకు లైసెన్సు ఇచ్చినంత పని చేసిందంటే నమ్మండి.

అనంతగిరిలో టీదుకాణంలో పిన్నిగారికి వేడివేడి ఉప్మా పెట్టించాను. అక్కడ సిగ్నలు దొరికి ఫోను చేస్తే తెలిసింది, మిగిలిన ఆరు కార్లూ బొర్రా గుహలకే చేరిపోయాయని! అందరూ వచ్చారా అని లెక్కపెట్టినవారు ఒక్కరూ లేరు. దుకాణంవారే మనిషిని పంపి మెకానిక్కును పిలిపించారు. రెండు గంటలకు మాస్టారు, మావారు ఆ పాతకారులోనే వచ్చారు.

మధ్యాహ్నం మేమూ బొర్రా గుహలు చూశాము. సున్నపురాతిని నీరు కరిగించుకుంటూ, మళ్ళీ చుక్కచుక్కగా పేరుస్తూ కట్టిన స్తంభాలవి. ఎన్ని వేల ఏళ్ళ ఓపికో! అక్కడ నిలబడితే మనకు తొందరెందుకు అనిపించింది.

ఆ రాత్రి అరకులో ఆడవాళ్ళమంతా ఒకచోట కూర్చున్నాము. తగవు పెట్టుకోలేదు, నాలుగు షరతులు పెట్టాము. ఒకటి, అందరికంటే నెమ్మదిగా వెళ్ళే కారు ముందుండాలి. రెండు, ప్రతి కారువారూ తమ వెనక కారు కనిపిస్తోందో లేదో చూసుకోవాలి, కనిపించకపోతే ఆగాలి. ఇలా ఒక్కొక్కరూ ఆగితే చివరికి మొదటి కారూ ఆగుతుంది, ఫోను లేకపోయినా ఫరవాలేదు. మూడు, నీళ్ళూ తిండీ మందులూ ఏ కారులోవి ఆ కారులోనే ఉండాలి. నాలుగు, డ్రైవింగ్ వచ్చిన ఆడవాళ్ళు కూడా నడపాలి, షికారురోజున వంట బెడద అందరూ పంచుకోవాలి. మూడింటికి మగవారు వెంటనే ఒప్పుకున్నారు. నాలుగోదానికి కాస్త నవ్వారు. "కొండదారి ఆడవాళ్ళవల్ల అవుతుందా?" అన్నారొకాయన.

అప్పుడు నేను ఒక కథ చెప్పాను. కథ కాదు, జరిగినదే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ గారి భార్య, ఆయనతో చెప్పకుండా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి కారులో వెళ్ళింది. నూరు కిలోమీటర్ల పైమాట, ఇంచుమించు మన విశాఖ-అరకు దూరం. ప్రపంచంలో కారు మీద మొదటి దూరప్రయాణం అదే. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో కొన్నది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. ఎత్తు ఎక్కలేకపోతే పిల్లలు దిగి తోశారు. ఇంట్లో ఉన్నదానితో పని గడుపుకునే మన తెలివే కదండీ అది! ఆ మాటతో నాలుగో షరతూ నెగ్గింది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో మాస్టారి పాతకారు ముందు నడిచింది. ఎక్కేటప్పుడు ఏ గేరో, దిగేటప్పుడూ అదే గేరు. మాటిమాటికీ బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. ఇంటికి చేరేసరికి అరగంట ఆలస్యమైంది, అంతే. సగం ఘాటు నేను నడిపాను. పక్క సీట్లో మావారు కిటికీలోంచి చూస్తూ, "ఇన్నిసార్లు వచ్చాను, ఈ లోయ ఇలా ఉంటుందని ఇప్పుడే చూశాను" అన్నారు.

మీరూ ఎక్కడికైనా బయలుదేరితే, పెద్దవారు మాత్ర వేసుకుని తినకుండా కారెక్కకుండా చూడండి. పంచదార పొట్లం ఒకటి చేతిసంచిలో పెట్టుకోండి. డ్రైవింగ్ నేర్చుకుని వదిలేసినవారుంటే మళ్ళీ మొదలుపెట్టండి.

ఇంకొక్క మాట. ఇల్లు కూడా వరసకట్టిన ప్రయాణమే. చదువులో ముందున్న పిల్లవాణ్ణి చూసి మురుస్తూ, వెనకబడినవాణ్ణి చూసుకోం. సంపాదించేవారి వేగాన్నిబట్టి ఇల్లు నడిపి, మూల మంచం మీది పెద్దవారు అందుకోగలరా అని అడగం. ఒక్కొక్కప్పుడు ఆ చివరి బండి మనమే అవుతాము, మంచులో ఆగిపోయినా ఎవరికీ చెప్పం. అలాంటప్పుడు హారన్ కొట్టండి, మొహమాటపడకండి. మిగతా రోజుల్లో అప్పుడప్పుడు అద్దంలో చూస్తూండండి. వెనక బండి కనిపిస్తోందా?