ఓటు హక్కు – పని గంటలు

(ఫెడరేషన్ కార్యకర్తల శిక్షణ తరగతులలో చేసిన ఉపన్యాస పాఠం)



పోలింగు శాతం తగ్గినప్పుడెల్లా ఓటు వేయనివాడు బాధ్యత లేనివాడని పత్రికలు తీర్పు చెబుతాయి. ఆ తీర్పును అంగీకరించే ముందు అమెరికాలోని రెండు చిన్న ఊళ్ళ సంగతి మీ ముందుంచదలచాను.

ఆ దేశపు ఈశాన్య భాగంలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో, కొండల నడుమ హార్ట్స్ లొకేషన్ అనే ఊరున్నది. అక్కడ నివసించే రైల్వే కార్మికులు పోలింగు మొదలయ్యే వేళకు ముందే డ్యూటీకి చేరవలసి ఉండేది. 1948లో ఊరివారు కార్మికులను నిందించలేదు. పోలింగు వేళనే మార్చుకున్నారు. ఎన్నికల దినం ఆరంభమయ్యే అర్ధరాత్రి వేళకే ఓట్లు వేయించారు. 1964లో ఆగిన ఈ ఆచారం 1996లో తిరిగి మొదలైనది.

అదే రాష్ట్రంలోని డిక్స్‌విల్ నాచ్‌లో 1960 నుండి ఇదే పద్ధతి నడుస్తున్నది. అయితే అక్కడ దీనికి పూనుకొన్నది కార్మికులు కాదు, ఒక హోటలు యజమాని. నూరుగురికి లోపు జనాభా గల ఊళ్ళు అర్ధరాత్రి పోలింగు తెరచి, నమోదైన ఓటర్లందరూ ఓటు వేయగానే ముగించవచ్చునని ఆ రాష్ట్ర చట్టం అనుమతిస్తున్నది. అందుచేత కొద్ది నిమిషాలలోనే ఫలితం వెలువడుతుంది.

ఆ ఫలితాలలో పత్రికలు జోస్యం వెదుకుతాయి. 1960లో నిక్సన్‌కు 9 ఓట్లు, కెన్నడీకి సున్న. దేశంలో గెలిచినది కెన్నడీ. 2008లో ఒబామాకు 15, మెకెయిన్‌కు 6. 2012లో చెరి 5. 2020లో 5 ఓట్లూ బైడెన్‌కే. 2024లో ట్రంప్‌కు, హారిస్‌కు చెరి 3. ఇందులో జోస్యమేమీ లేదు. పైగా, 5 ఓట్లూ ఒకరికే పడినప్పుడు ఎవరు ఎవరికి వేసినదీ లోకానికంతటికీ తెలిసిపోతుంది. యజమాని కింద పనిచేసేవాడికి అది చిన్న సంగతి కాదు.

గుప్పెడుమంది ఓటు వేయడమూ, కోట్లమంది వేయడమూ ఒకటేనా అని మీరు అడగవచ్చు. ప్రశ్న సబబైనదే. కాని రైల్వే కార్మికులు నేర్పిన పాఠం దేశమంతటికీ వర్తిస్తుంది. అమెరికాలో అధ్యక్ష ఎన్నికల దినం నవంబరులో ఒక మంగళవారమని 1845 నాటి చట్టం నిర్ణయించినది. నేటికీ అది దేశవ్యాప్తంగా వేతనంతో కూడిన సెలవు దినం కాదు. 1996లో వయోజనులలో దాదాపు సగం మందే ఓటు వేశారు. 2020లో పోస్టు ద్వారానూ, ముందు రోజులలోనూ ఓటు వేసే అవకాశాలు విస్తరించినవి. రాజకీయ వేడి కూడా తోడైనది. అర్హులలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఓటు వేశారు.

మన దేశంలో 1996లోనే ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి సెక్షను చేర్చబడినది. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల పోలింగు దినాన ఓటరైన ప్రతి ఉద్యోగికీ వేతనంతో సెలవు ఇవ్వవలెను. దినకూలీకీ ఇది వర్తిస్తుంది. ఉల్లంఘించిన యజమానికి జరిమానా మాత్రం 500 రూపాయల వరకే!

మా ప్రాంతంలోని ఒక కర్మాగారంలో పోలింగు నాడు పర్మనెంటు కార్మికులకు సెలవు ఇచ్చారు. కాంట్రాక్టు కార్మికులను డ్యూటీకి పిలిచారు. వారు బయటపడేసరికి పోలింగు ముగిసినది. "అన్నా, వేలికి సిరా కావాలా, మస్టరు కావాలా అని మేస్త్రీ అడిగాడు" అని ఒక యువకుడు నాతో అన్నాడు. ఆ ఉదయం మేము ఇంటివద్ద సెలవులో ఉన్నాము. గేటు వద్దకు వెళ్ళి అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ తప్పు యూనియనుది కూడా.

ఇక వలస కార్మికుని ఓటు స్వగ్రామంలో ఉంటుంది. శ్రీకాకుళానికో, పాలమూరుకో పోయి రావడానికి ఒక్క రోజు సెలవు ఎట్లా చాలుతుంది?

కనుక పోలింగు తేదీ ప్రకటించిన వెంటనే ప్రతి శాఖా మూడు పనులు చేయవలెను. కాంట్రాక్టు కార్మికులను పేర్కొంటూ సెలవు నోటీసును వ్రాతపూర్వకంగా కోరవలెను. వలస కార్మికులకు ప్రయాణపు రోజులు కూడా అడగవలెను. పోలింగు నాటి ఉదయం, మనం ఓటు వేసి వచ్చిన వెంటనే, గేటు వద్ద నిలబడవలెను.