చక్రాల బండి – చట్టమిచ్చిన హక్కు

(భిలాయి సెక్టర్ 7లో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1959లో భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది. ఆ పనుల కోసం ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన కుటుంబాలెన్నో ఇచ్చటనే స్థిరపడినవి. డ్యూటీ దిగినవారికి ఇడ్లీ, దోసె అందించే టిఫిన్ బండి మన బతుకులో భాగం. నేడు తోపుడు బండి పక్కన మోటారు బండి కూడా నిలుస్తున్నది. బండి మారినది గాని, "కాగితం చూపు" అన్న గద్దింపు మారలేదు. అందుచేత ఏ కాగితం ఎవరివ్వవలెనో తెలుసుకొనుట అవసరం.

మొదటిది ఆహార భద్రత. 2006 చట్టం క్రింద 2011లో వచ్చిన నిబంధనలు అప్పట్లో ఏడాదికి 12 లక్షల రూపాయలు మించని చిన్న వర్తకునికి లైసెన్సు అక్కరలేదని, రిజిస్ట్రేషన్ చాలునని చెప్పినవి. రెండవది వాహనం. మోటారు బండిలో వంటగది అమర్చి దాని రూపం మార్చదలచినవారు 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం పొందవలెను. మూడవది నిలుచునే చోటు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

సహేతుకమైన నియంత్రణకు లోబడి వీధిలో అమ్ముకొనుట రాజ్యాంగ హక్కేనని 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ఆ హక్కుకు రూపమిచ్చింది. తిరుగుతూ అమ్మేవారు కూడా దాని పరిధిలోనివారే. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. పట్టణ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండవలెను. స్వాధీనం చేసుకొన్న సరుకులో పాడైపోయేవి అడిగిన రోజుననే తిరిగి ఇవ్వవలెను.

అయితే ఈ చట్టం రైల్వే భూములకు, రైళ్ళకు వర్తించదు. అచ్చట రైల్వే లైసెన్సు లేని అమ్మకం 1989 రైల్వే చట్టం 144వ సెక్షన్ ప్రకారం నేరం. అనగా స్టేషన్ బయట నాలుగడుగుల తేడాతో ఒక బండికి రక్షణ ఉన్నది, మరొక బండికి లేదు. ఆ హద్దు బండివానికి తెలియదు. రైల్వే ఉద్యోగులమైన మనకు తెలుసు.

సెక్టర్ 7 వంటి కర్మాగారపు టౌన్‌షిప్‌లకు చట్టంలో అట్టి మినహాయింపు లేదు. అయినా భూమి ఒకరిది, ధ్రువపత్రమిచ్చే అధికారం మరొకరిది అయినచోట దరఖాస్తు ఇద్దరి మధ్య నలిగిపోయే ప్రమాదమున్నది.

కనుక మనం కోరవలసినవి మూడు: మూడు కాగితాలకు ఒకే కిటికీ, క్రమం తప్పని సర్వే, స్టేషన్ల వద్ద తెలుగు, హిందీలలో హద్దు సూచించే బోర్డులు. దారికి అడ్డం నిలువరాదని, గ్యాస్ సిలిండరు, మంచినీటి విషయంలో అజాగ్రత్త కూడదని వ్యాపారులకు చెప్పే బాధ్యత కూడా మనదే.

వీధివీధి ఎరిగిన పోస్ట్‌మన్, హద్దురాయి ఎరిగిన రైల్వే కార్మికుడు తీరిక వేళ చేయి కలిపితే, దరఖాస్తు నింపలేని బండివాడు ఒంటరి కాడు. నెల జీతానికి రక్షణ సాధించుకొన్న మనం దినసరి సంపాదనకు అండగా నిలుచుట దయ కాదు, కార్మిక ధర్మం.