ఆ గోలీ పేరేమిటని అడుగుదాం
(సిద్దిపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ మనల్నందరినీ భయపెట్టింది. కోవిడ్ నుంచి బయటపడ్డవాళ్ళలో కొందరికి కళ్ళు, దవడలు తీసేయాల్సి వచ్చింది. హైదరాబాద్ కోఠిలోని ఇ.ఎన్.టి. ఆసుపత్రిని ఈ జబ్బుకు ప్రధాన కేంద్రం చేశారు. ఆ బూజు మట్టిలో, గాలిలో ఎప్పుడూ ఉన్నదే. అదుపు తప్పిన షుగరు, మోతాదు మించిన స్టెరాయిడ్లు దానికి తలుపులు తెరిచాయి.

స్టెరాయిడ్లు చెడ్డవని నేననను. లూపస్‌లో, కిడ్నీ మార్పిడి తర్వాత అవి ప్రాణం నిలబెడతాయి. లూపస్ వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే. కీళ్ళవాతమూ మనకే ఎక్కువ. అందుకే రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల సంగతి మన సంగతి.

ఊళ్ళలో తిరిగినప్పుడు నేను చూసేది వేరు. నాట్లు వేసి నడుము, మోకాళ్ళు పట్టేసిన ఆడమనిషికి పొట్లం కట్టి గోలీలిస్తారు. చీటీ ఉండదు, పేరుండదు. అందులో డెక్సామెథసోన్ ఉండొచ్చు, ప్రెడ్నిసోలోన్ ఉండొచ్చు. నొప్పి పోతుంది, ఆకలి పుడుతుంది. మంచి గోలీ అని నెలల తరబడి మింగుతుంది.

ఆమె వట్టి కాళ్ళతో పొలంలో దిగుతుంది. మలంతో కలుషితమైన తడిమట్టిలో స్ట్రాంజిలాయిడిస్ అనే అతి సన్నని పురుగు ఉంటుంది. అది పాదాల చర్మంలోంచి దూరి, పేగుల్లో దశాబ్దాలు చప్పుడు లేకుండా ఉండగలదు. స్టెరాయిడ్ పడ్డాక విపరీతంగా పెరిగి ఊపిరితిత్తులకు పాకుతుంది, పేగుల్లోని క్రిములను రక్తంలోకి మోస్తుంది. అంతదాకా వస్తే బతకడం కష్టం. జ్వరం కూడా కనబడకపోవచ్చు. ఆయాసం చూసి ఉబ్బసమనుకుని మళ్ళీ స్టెరాయిడే ఇస్తే? ముందే మల, రక్త పరీక్షలు చేయించి పట్టుకుంటే ఐవర్‌మెక్టిన్ గోలీలతో నయం చేయొచ్చు.

ఈ మందులు షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి. అర్హతగల డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అడగకుండా ఒక స్త్రీ గర్భసంచి తీసేసిన సమీరా కోహ్లి కేసులో, తగిన సమాచారం ఇచ్చాకే సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. పేరే తెలియని గోలీకి సమ్మతి ఎక్కడిది?

సంఘంలో ఈ మాట చెప్పండి. గోలీ పేరు, ఎన్నాళ్ళు వాడాలో రాసిమ్మని అడగాలి. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు హఠాత్తుగా ఆపొద్దు, అదీ ప్రాణాపాయమే. పొట్లంతో సహా ప్రభుత్వాసుపత్రికి తోడు వెళ్ళండి. సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. "ఇన్ని నెలలుగా ఈ గోలీలు వాడుతున్న, వట్టి కాళ్ళతో పొలం పని చేస్త" అని ఆమె చేతనే డాక్టరుకు చెప్పించండి.