కాంతి సంవత్సరము



లెక్కలు వ్రాయు వృత్తిలో నుండియు, ఈ గ్రంథాలయమున 'కాంతి సంవత్సరము' అను మాట తొలిసారి చదివినపుడు అది కాలపు కొలత యని భ్రమపడితిని. కాదు, దూరపు కొలత. వెలుగు సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. ఏడాదిలో అది పోవు దూరము సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. అదియే కాంతి సంవత్సరము.

పెండ్లిలో చూపు అరుంధతి సుమారు 80 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. వధువు చూచునది అమ్మమ్మ పుట్టిన కాలమునాటి వెలుగు.

ఈ కార్తికమున ప్రొద్దు గ్రుంకిన పిదప వాయవ్యమున మెఱయు అభిజిత్తు దూరము సుమారు 25. ఈ గ్రంథాలయము తెఱచిన యేట బయలుదేరిన వెలుగు నేడు మనలను చేరుచున్నది. నాడు తలుపు తెఱచిన పెద్దలలో కొందఱు నేడు లేరు. ఇంటికి పోవుచు వారిని తలచి ఒక్కసారి అటు చూడుడు.