గ్రేడు వెనక నివేదిక

కళాశాలల నాణ్యతను అంచనా వేసే న్యాక్ నుంచి గ్రేడు రాగానే కళాశాల గేటుకు పెద్ద ఫ్లెక్సీ కడతారు, చూసే ఉంటారు. ఆ గ్రేడు మామూలుగా అయిదేళ్లు చెల్లుతుంది. మరి ఈలోగా జరిగేది తెలిసేదెలా? అందుకే కళాశాలలోని నాణ్యతా విభాగం, అందరూ ఐక్యూఏసీ అనేది, ఏటా న్యాక్‌కు ఒక నివేదిక పంపాలి. 1994లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నెలకొల్పిన న్యాక్ ఇందులో ఏడు అంశాల మీద వివరాలడుగుతుంది.

వాటిలో నన్ను ఆకట్టుకునేది ఇతర సంస్థలతో చేసుకున్న ఒప్పందాల పట్టిక. అవగాహన ఒప్పందం (ఎంఓయూ) మీద సంతకాలు పెట్టి, శాలువాలు కప్పుకుని ఫొటో దిగడం ఎంతసేపు? నివేదిక అడిగేది నిజంగా నడుస్తున్న ఒప్పందాల సంగతి. వాటివల్ల పిల్లలు ఇంటర్న్‌షిప్‌కు వెళ్లారా, అధ్యాపకుల రాకపోకలు సాగాయా, ఉమ్మడి పరిశోధన ఏమైనా జరిగిందా అని. ఇక్కడ చాలా ఫొటోలు వెలవెలబోతాయి లెండి.

బోధన విషయంలో మంజూరైన పోస్టులెన్ని, వాటిలో పూర్తికాలపు అధ్యాపకులెందరు, పీహెచ్‌డీ ఉన్నవారెందరు అన్నవి ముఖ్యం. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్లుగా ఖాళీలు పేరుకున్నాయి కాబట్టి, ఈ గడి దాచలేని గడి. విద్యార్థుల సంతృప్తి సర్వే కూడా ఇందులో భాగమే. పాలన కింద ఆడిట్లు, శిక్షణలు, సంస్కరణలు వస్తాయి.

ఈ నివేదికను కళాశాల తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. అడ్మిషన్ల వేళ తల్లిదండ్రులు రెండు వరుస సంవత్సరాలవి పక్కపక్కన పెట్టి, అధ్యాపకుల సంఖ్య ఎటు కదిలిందో చూసుకోవచ్చు.