దమ్ము పుట్టుకలో కాదు, పళ్లెంలో ఉన్నది
(గార్ల దళితవాడలో తల్లిదండ్రులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అన్నలారా, అక్కలారా, ఆటలాడే బిడ్డలారా!

800 మీటర్ల పందెంలో ఆఖరి చుట్టుకు మన పిల్ల వెనకబడితే, "వీళ్లకు దమ్ము లేదు" అంటున్నరు. మేము అడుగుతున్నం: ఆ పిల్ల పొద్దుగాల ఏం తిన్నదో ఎవరన్నా అడిగిండ్రా? తల్లి మిర్చి ఏరడానికి చీకట్లనే పోయింది. పిల్ల చాయ తాగి బడికొచ్చింది. ఖాళీ కడుపు ఎంత దూరం ఉరుకుతది?

పుట్టుకతోనే దమ్ము లేకుంటే, సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎట్ల ఎక్కిండ్రు? పర్వతగిరి మండలం కల్లెడ కూలోళ్ల బిడ్డ జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌ 400 మీటర్ల పరుగులో కంచు పతకం ఎట్ల తెచ్చింది?

దమ్ము అంటే నెత్తురు. నెత్తురులోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును కండలకు మోస్తది. దానికి ఇనుము కావాలె. ఇనుము తక్కువైతే ఆయాసం, కాళ్ల బరువు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది.

మనల్ని ఈసడించిన పెద్దకూరలోనే ఆ ఇనుము ఉన్నది. ఆకుకూరల ఇనుము కంటె మాంసంలోని ఇనుము సులువుగా ఒంటికి పడ్తది. తాతల్ని బతికించిన కూర పేరు చెప్పడానికి పిల్లలు సిగ్గుపడేటట్టు చేసిండ్రు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసింది ఆ సిగ్గును తెంచడానికే.

బిడ్డలారా, పందానికి రెండు మూడు గంటల ముందు అన్నమో జొన్నరొట్టెనో తినుండ్రి. ఉరికే బలం అదే. ఆట అయినంక గుడ్డు, పప్పు, పల్లీలు, కూర తినుండ్రి. అలిసిన కండను మళ్ల కట్టేవి అవే. ఒక్క గుడ్డులో 6 గ్రాముల దాకా మాంసకృత్తులుంటయి. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోండ్రి, ఇనుము బాగా పడ్తది. తిన్న వెంటనే చాయ తాగితే ఆ లాభం తగ్గుతది.

ఇక హాస్టల్ సంగతి. 2024 నవంబరులో ప్రభుత్వం మెస్ ఛార్జీలు 40 శాతం పెంచింది. 8 నుంచి 10 తరగతుల పిల్లలకు నెలకు 1100 రూపాయలున్నది 1540 అయింది. అంటే రోజుకు 51 రూపాయలు. అవి పళ్లెంలోకి వస్తున్నయా లేవా చూడాల్సింది మనమే. తల్లులారా, హాస్టల్‌కు పోయి పిల్లల పక్కన కూసొని తినుండ్రి. గుడ్లు లెక్కపెట్టుండ్రి. ఉరికే పిల్లలకు ఇంకో గుడ్డు, పల్లీపట్టీ అడుగుండ్రి. సర్కారు దవాఖానలో రక్తపరీక్ష చేయించుండ్రి.

ఇది బిచ్చం కాదు, మన పిల్లల వాటా. అడిగి తీసుకుందాం.

జై భీమ్!